లైన్ క్లియర్ లేని వార్త

దేశమంతటినీ కుదిపివేసిన విషాదాలను గురించి చరిత్ర గ్రంథాలు రాజధానిలో ఏమి జరిగిందో చెబుతాయి. రాజధానికి వందల మైళ్ళ దూరంలో, ఒక వరుస ఇళ్ళలోకి ఆ విషాదం ఎట్లా అడుగుపెట్టిందో చెప్పగలవారు మాత్రం ఆనాడు అక్కడ ఉన్న సామాన్యులే. వారు ఒక్కరొక్కరే తరలిపోతున్నారు. వారితోపాటు వారు చూసిన సత్యం కూడ తరలిపోకముందే చెవి ఒగ్గి వినడం మన కర్తవ్యం.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలు పెంచిన పట్టణం. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి పందొమ్మిదవ శతాబ్దపు చివరి రోజులలో బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ పట్టాలు వేసింది. హౌరా నుండి నాగపూర్ మీదుగా బొంబాయి వెళ్ళే ప్రధాన మార్గం, కట్నీ వైపు చీలిపోయే మార్గం ఇక్కడ కలుస్తాయి. 1955లో కలకత్తా కేంద్రంగా ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు బిలాస్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ దాని కిందనే ఉండేవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఉద్యోగార్థులై ఇక్కడికి వచ్చి, తరతరాలుగా స్థిరపడడానికి ఈ బంధుత్వమే ముఖ్య కారణం. 2003లో ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది.

రైల్వే కాలనీకి ఒక విశిష్ట లక్షణం ఉన్నది. అక్కడ ఇరుగుపొరుగులను ఎవరూ ఎన్నుకొనలేరు. ఏ క్వార్టరు ఖాళీ అయితే అందులో చేరవలసిందే. తెలుగు ఇంటి గోడకు ఆవల బెంగాలీ కుటుంబం, దాని పక్కన ఛత్తీస్‌గఢీ మాట్లాడే స్థానికులు, ఎదురుగా పంజాబు నుండి వచ్చిన సిక్కులు ఉంటారు. పండుగనాడు పళ్ళాలు గోడ దాటి వెళతాయి, మరుసటి పండుగకు మరొక పదార్థంతో తిరిగివస్తాయి. ఈ చుట్టరికం ఎంత గట్టిదో తెలియవలసిన రోజు ఒకటి 1984 అక్టోబరు 31న వచ్చింది.

ఆ కాలంలో బిలాస్‌పూర్ డివిజన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా పనిచేసిన ఒక శ్రీకాకుళం జిల్లావాసి, ఇప్పుడు డెబ్బదేళ్ళు దాటిన వృద్ధుడు, ఆ రోజులను తలచుకొన్నప్పుడల్లా ముందుగా తన వృత్తిలోని ఒక నియమాన్ని గురించి చెబుతారు. ఆ నియమం తెలియనిదే ఆయన జ్ఞాపకాలలోని సారం బోధపడదు.

ఒక స్టేషను నుండి రైలు బయలుదేరాలంటే ముందు స్టేషను అందుకు సమ్మతించాలి. మార్గం ఖాళీగా ఉన్నదా అని ఇక్కడివారు అడుగుతారు. అంతకు ముందు వచ్చిన రైలు పూర్తిగా చేరిందని, దాని చివరి పెట్టె వెనుక గుర్తును కంటితో చూసుకొని, అక్కడివారు లైన్ క్లియర్ ఇస్తారు. వేళతో సహా ఆ సంగతి రిజిస్టరులో ఎక్కుతుంది. నోటి మాటతో హామీ ఇవ్వవలసి వచ్చినప్పుడు దానికి తోడుగా ఒక ప్రైవేటు నంబరు కూడ చెప్పుకొంటారు. ఆ అంకె లేనిదే ఆ హామీ చెల్లదు. ప్రయాణికులు ఎంత తొందరపడినా, అధికారులు ఎంత గద్దించినా, అవతలివాని నిర్ధారణ లేకుండా ఒక్క బండి కూడ కదలకూడదు. వేలాది ప్రాణాలు ఈ చిన్న కట్టుబాటు మీద ఆధారపడి ఉన్నాయి.

ఆ బుధవారంనాడు ఆయన ఉదయం ఎనిమిది గంటల డ్యూటీలో ఉన్నారు. దీపావళి వెళ్ళి సరిగా వారమైంది. ఢిల్లీలో, సఫ్దర్‌జంగ్ రోడ్డులోని తన నివాసంలో ప్రధానమంత్రి ఇందిరాగాంధీపై ఆమె అంగరక్షకులు ఇద్దరు కాల్పులు జరిపినప్పుడు వేళ ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. మధ్యాహ్నానికి ముందే కంట్రోలు ఫోనులో మాటలు గుసగుసలుగా మారాయి. ఏదో జరిగిందని అందరికీ తెలుసు, ఏమి జరిగిందో ఎవరికీ తెలియదు. ప్లాట్‌ఫారం మీద టీకొట్టువాని ట్రాన్సిస్టరు చుట్టూ కూలీలు, ప్రయాణికులు గుమిగూడారు. మరణవార్తను విదేశీ రేడియో బి.బి.సి. ముందుగా చెప్పివేసింది. ఆకాశవాణి సాయంత్రం ఆరు గంటలకుగాని అధికారికంగా ప్రకటించలేదు.

మధ్యాహ్నానికీ సాయంకాలానికీ నడుమనున్న ఆ కొద్ది గంటలు తనకు ఈనాటికీ భయం కలిగిస్తాయంటారు ఆయన. తెలియవలసిన వార్త తెలియనప్పుడు మనిషి మనస్సు ఊరక ఉండదు. ఖాళీని ఊహతో నింపుకొంటుంది. ఆ సాయంత్రం ఆయన ఇంటికి నడిచివస్తూ అర కిలోమీటరు దూరంలో నాలుగు రకాల కథలు విన్నారు. నాలుగింటిలోను చంపినవారి సంఖ్య వేరు, వారి ఉద్దేశం వేరు. ఒక్కటి మాత్రం సమానం. ఇద్దరు వ్యక్తుల పేర్లు తెలియకముందే, వారి మతం పేరు అందరి నోటా ఉన్నది.

తెలుగు ఇళ్ళలో ఆ రాత్రి పొయ్యి వెలగలేదు. 1980 ఎన్నికలలో ఇందిరాగాంధీ రాయబరేలీ, మెదక్ రెండు చోట్లా గెలిచి మెదక్ స్థానాన్నే నిలుపుకొన్నారు. మరణించే నాటికి ఆమె తెలుగు నేల నుండి ఎన్నికైన పార్లమెంటు సభ్యురాలు. కాలనీలోని తెలుగు స్త్రీలు తమ ఇంటి పెద్దదిక్కు పోయినట్లు విలపించారు. ఆ దుఃఖం నిష్కల్మషమైనది. అయితే దుఃఖంలో ఉన్నవారికి ఎవరిమీదనో కోపం కావాలి. ఆ కోపాన్ని చూపించడానికి ఒక తలపాగా కనిపిస్తే చాలుననే స్థితి దేశంలో ఆ రాత్రికే ఏర్పడింది.

ఢిల్లీలో ఆనాటి సాయంత్రమే, ఆసుపత్రికి వస్తున్న రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ కారుపై రాళ్ళు పడ్డాయి. ఆయన కూడ సిక్కు కావడమే అందుకు కారణం. మరునాడు ఉదయం నుండి మారణకాండ ఒక పద్ధతి ప్రకారం సాగింది. ఓటర్ల జాబితాలు చేతబట్టుకొని సిక్కుల ఇళ్ళను గుర్తించారని ఆ తరువాత ఎందరో సాక్షులు చెప్పారు. రాజధానికి వచ్చే రైళ్ళను ఆపి, సిక్కు ప్రయాణికులను కిందికి లాగి చంపారు. ఆ నెలలోనే రెండు పౌరహక్కుల సంఘాలు కలిసి వెలువరించిన నివేదిక, ఢిల్లీలో ఆ రోజులలో వ్యాపించిన పుకార్లను పేర్కొన్నది. సిక్కులు మిఠాయిలు పంచుకొంటున్నారన్నది ఒకటి. మంచినీటిలో విషం కలిపారన్నది మరొకటి. పంజాబు నుండి శవాలతో నిండిన రైలు ఢిల్లీ స్టేషనుకు వచ్చిందన్నది ఇంకొకటి.

ఈ మూడవ పుకారు బిలాస్‌పూర్ వృద్ధుని ప్రత్యేకంగా బాధిస్తుంది. శవాల రైలు వస్తే దానికి లైన్ క్లియర్ ఎవరు ఇచ్చారు? ఏ స్టేషను దాటి వచ్చింది? ఏ రిజిస్టరులో ఎక్కింది? దారిలో ఉన్న ఏ స్టేషను మాస్టరును అడిగినా పది నిమిషాలలో అబద్ధం బయటపడేది. అడిగినవారు లేరు. దేశంలో ప్రతి రైలుకూ లెక్క ఉన్నది. ఆ లేని రైలు మాత్రం లెక్కకు అందకుండా వేలాది గుండెలలోకి చొరబడింది.

అటువంటి బండి ఒకటి, చిన్నది, ఆయన సొంత వీధిలోకి కూడ వచ్చింది.

ఆయన పక్క క్వార్టరులో ఒక సిక్కు డ్రైవరు కుటుంబం ఉండేది. ఇరువైపుల పిల్లలు కలిసి పెరిగారు. తెలుగు పిల్లలకు ఆయన సర్దార్ మామయ్య. అక్టోబరు 30 రాత్రి ఆ డ్రైవరు కట్నీ వైపు గూడ్సు బండి తీసుకొని వెళ్ళారు. ముప్పై ఒకటవ తేదీ గడిచింది, ఆయన రాలేదు. నవంబరు 1 వచ్చింది. తెలుగువారికి ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం, ఆ ఊరు అప్పుడు ఉన్న మధ్యప్రదేశ్‌కు కూడ అదే అవతరణ దినం. ఆ సంవత్సరం ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సాయంత్రం వీధి కొళాయి వద్ద ఎవరో ఒక మాట అన్నారు: సర్దార్ డ్రైవరును దారిలో ఇంజనులో నుండి దింపివేశారట.

ఆ మాట అన్న వ్యక్తి దుర్మార్గుడు కాడు. కూరల దుకాణంలో ఎవరో చెప్పగా విని, అయ్యో పాపం అనుకొంటూ మరొకరికి చెప్పాడు. విన్న ఆమె కన్నీళ్ళతో ఇంకొకరికి చెప్పింది. చీకటి పడేసరికి ఆ మాట పక్కింటి గడప దాటి లోపలికి వెళ్ళింది. ఆ ఇంట దీపం ఆరిపోయింది. తలుపు లోపలినుండి గడియ పడింది.

తెలుగు ఇంటిలోని ముసలి తల్లికి హిందీ సరిగా రాదు. పన్నెండేళ్ళుగా పక్కింటి ఆమెతో తెలుగులోనే మాట్లాడేది, ఆమె పంజాబీలో జవాబు చెప్పేది, ఇద్దరికీ ఏ లోటూ ఉండేది కాదు. ఆ రాత్రి ముసలమ్మ వెళ్ళి తలుపు తట్టింది. లోపలినుండి పలుకు రాలేదు. “నేనేనమ్మా, తలుపు తియ్యి” అని రెండవమారు అన్నది. గడియ తీసిన చప్పుడు విని తన ప్రాణం కుదుటపడిందని కుమారుడు చెబుతారు. ఆమె, ఇద్దరు మగపిల్లలు ఆ రాత్రి తెలుగువారి వంటగదిలో పడుకొన్నారు. వీధివైపు కిటికీ లేని గది అదొక్కటే. నెత్తిన ముడులతో ఉన్న ఆ పసివాళ్ళకు ముసలమ్మ తన చీర కొంగు కప్పి, తెల్లవారేదాకా కూర్చుని ఉన్నది.

కుమారుడు ఆ అర్ధరాత్రి డ్యూటీకి వెళ్ళారు. వెళ్ళేముందు పక్కింటి ఆమె ముఖం చూడలేకపోయారు. ఆ పుకారు నిజమై ఉంటుందనే ఆయన కూడ సగం నమ్మారు. స్టేషనులో కుర్చీలో కూర్చుని, ఎదుట ఉన్న రిజిస్టరు చూసినప్పుడు ఆయనకు ఒక ఆలోచన తట్టింది. ఇన్ని బండ్లకు నిర్ధారణ అడిగే తాను ఈ ఒక్క మాటకు నిర్ధారణ ఎందుకు అడగలేదు? ఫోను తీసి కంట్రోలును పిలిచి, ఫలానా డ్రైవరు ఎక్కడ ఉన్నాడని అడిగారు. అవతలి ఉద్యోగి కొంతసేపు ఆగమన్నాడు. ఆ కొంతసేపు తన సర్వీసులో ఏ ప్రమాదం వేళా అంత దీర్ఘంగా తోచలేదంటారు.

జవాబు వచ్చింది. డ్రైవరు క్షేమంగా ఉన్నాడు. షాడోల్‌లోని రన్నింగ్ రూములో తోటి సిబ్బంది ఆయనను బయటికి పోనీయకుండా నిలిపి ఉంచారు. “నీవు స్వయంగా తెలుసుకొన్నావా, ఎవరైనా చెప్పగా విన్నావా?” అని ఈయన అడిగారు. “ఇప్పుడే ఆయనతోనే మాట్లాడాను” అన్నాడు అవతలివాడు. ఈయన ఒక కాగితం మీద వేళ వేసి, ఆ సమాచారం రాసి, కింద సంతకం చేసి, పాయింట్స్‌మన్ చేతికిచ్చి ఇంటికి పంపారు. ఆ కాగితాన్ని ఆ ఇల్లాలు చాలా సంవత్సరాలు గ్రంథ్ సాహిబ్ పద్యాల పుస్తకంలో దాచుకొన్నది.

మూడవనాటికి డ్రైవరు తిరిగివచ్చారు, ఒక గూడ్సు బండి చివర గార్డు పెట్టెలో కూర్చుని. శరీరం మీద గాయం లేదు. ఎవరూ తనను కొట్టలేదు, తిట్టలేదు అన్నారు. కాసేపటికి మాత్రం ఒక మాట చెప్పారు: “ఇరవై ఏళ్ళు ఈ లైనుమీద బండి నడిపాను. నా పేరు ఎరిగినవాళ్ళు కూడ ఈ నాలుగు రోజులు నా తలపాగానే చూశారు.” వృద్ధుని దృష్టిలో ఆ విషాదం మొత్తానికి ఇంతకన్న సూక్ష్మమైన వివరణ లేదు.

నవంబరు 8 కార్తిక పూర్ణిమ. తెలుగు స్త్రీలు సంవత్సరానికి సరిపడ మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించే రోజు. సిక్కులకు అదే గురునానక్ జయంతి. ప్రతి ఏటా ఆ రోజు పక్కింటి నుండి కడా ప్రసాదం గోడ దాటి వచ్చేది. ఆ సంవత్సరం ఆ ఇంట ఎవరికీ పండుగ మాట ఎత్తడానికి మనస్సు రాలేదు. సంధ్యవేళ ముసలమ్మ తన దీపాలలో ఒకటి తీసుకొని వెళ్ళి రెండు ఇళ్ళ నడిమి గోడమీద పెట్టింది. కాసేపటికి అవతలివైపు నుండి ఒక చేయి వచ్చి, గాలికి ఆరకుండా దానికి అడ్డుగా ఇటుక నిలబెట్టింది. ఇరువైపులా ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

అన్ని గోడలకూ అటువంటి దీపాలు దక్కలేదు. ఢిల్లీలోనే 2,733 మంది హతులైనట్లు ప్రభుత్వం నియమించిన అహూజా కమిటీ 1987లో నిర్ణయించింది. కాన్పూరు, బొకారో వంటి పట్టణాలలో పోయిన ప్రాణాలు ఇందులో చేరవు. 1985లో రంగనాథ్ మిశ్రా కమిషను, 2000లో నానావతి కమిషను నియమితమయ్యాయి. 2005 ఆగస్టులో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ రాజ్యసభలో సిక్కు సమాజానికీ, యావద్భారత జాతికీ క్షమాపణ చెప్పారు. మాజీ పార్లమెంటు సభ్యుడు సజ్జన్ కుమార్‌కు ఢిల్లీ హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించేసరికి 2018 డిసెంబరు వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు. ఢిల్లీలోని తిలక్ విహార్‌లో వితంతువులకు ఇచ్చిన ఇళ్ళలో అప్పటికి మనుమలు పెద్దవారయ్యారు. చివరి పెట్టె గుర్తు కనబడనిదే మార్గం ఖాళీ అయిందనకూడదన్న రైల్వే నియమాన్ని బట్టి చూస్తే, ఆ స్త్రీలకు ఆ మార్గం ఇంకా ఖాళీ కాలేదు.

ఒక మాట వేళకు చెప్పడం వలన ఎంత మేలు కలుగుతుందో మన దేశమే ఒకసారి చూసింది. 1948 జనవరి 30న గాంధీజీ హత్య జరిగిన సాయంత్రం, చంపినవాడు ముస్లిం అనే పుకారు అప్పుడే తల ఎత్తింది. ఆకాశవాణి తన ప్రకటనలోనే హంతకుడు హిందువని స్పష్టంగా చెప్పింది. దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్న ఆ రోజులలో ఆ ఒక్క వాక్యం గొప్ప రక్తపాతాన్ని ఆపిందని అంటారు. అయితే కథ అక్కడితో ముగియలేదు. హంతకుని కులం తెలిసిన తరువాత మహారాష్ట్ర ప్రాంతంలో ఆ కులస్థుల ఇళ్ళు తగులబడ్డాయి. కాబట్టి వార్త నిజం కావడం ఒక్కటే చాలదు. ఆ నిజం ఎంతవరకు చెల్లుతుందో కూడ తెలియాలి. 1984లో కాల్చినవారు సిక్కులన్నది నిజమే. ఆ నిజం ఇద్దరు వ్యక్తుల దగ్గర ఆగవలసింది. ఆగలేదు.

ఈ విషయంలో కూడ బిలాస్‌పూర్ వృద్ధుడు తన వృత్తినే ఉదాహరిస్తారు. రైలు ప్రమాదం జరిగినప్పుడు విచారణ జరుగుతుంది. పెద్ద ప్రమాదాలను విచారించే రైల్వే భద్రతా కమిషను రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద ఉండడం గమనించదగినది. తప్పు చేసిన చేతిని తప్పు చేసిన శాఖే నిర్ణయించరాదన్నది అందులోని ధర్మం. ఆ విచారణలో ఏ డ్రైవరు సంకేతాన్ని దాటాడు, ఏ ఉద్యోగి కీలు తప్పుగా వేశాడు అని తేలుస్తారు. ఒక డ్రైవరు దోషి అయితే దేశంలోని డ్రైవర్లందరినీ ఎవరూ శిక్షించరు. బాధ్యత మనిషిది. అతని కులం, మతం, భాష, తలపాగా ఆ నివేదికలో ఎక్కడా ఉండవు.

నేడు వార్త ప్రయాణించడానికి కంట్రోలు ఫోను అవసరం లేదు. ప్రతివాని జేబులోను ఒక యంత్రం ఉన్నది. కొళాయి వద్ద మాట నలుగురికి చేరడానికి ఆనాడు ఒక సాయంత్రం పట్టింది. ఈనాడు అదే మాట ఒక నిమిషంలో లక్షమందికి చేరుతుంది. పంపేవారిలో అధికులు ఆనాటి కూరల దుకాణంలోని మనిషివలె సదుద్దేశంగలవారే. అయ్యో పాపం అనుకొంటూనే పంపుతారు. ప్రమాదం అక్కడే ఉన్నది.

పాఠకులు గుర్తుంచుకొనవలసిన ప్రశ్నలు రెండే, ఏ చదువూ అవసరం లేనివి. విన్న మాటను ముందుకు పంపేముందు, ఇది స్వయంగా చూసినవారు ఎవరు అని అడగాలి. మాట నిజమని తేలితే, ఈ తప్పు ఎవరిదో వారి దగ్గరే ఆగిందా అని అడగాలి. రెండింటికీ జవాబు వచ్చేదాకా బండిని నిలపడం వలన ఎవరికీ నష్టం లేదు. ఆలస్యంగా చేరిన బండిని గురించి ప్రయాణికులు విసుగుకొంటారు, మరునాటికి మరచిపోతారు. లైన్ క్లియర్ లేకుండా బయలుదేరిన బండి చేసే నష్టం మాత్రం తరాలు గడిచినా పూడదు.